నైట్ షిఫ్ట్ వాళ్లూ, బీపీ రాసిపెట్టుకోండి

షిఫ్ట్ అలవెన్స్ కోసమో, ఆన్‌సైట్ ఛాన్స్ కోసమో మనలో చాలామంది యూఎస్ షిఫ్ట్‌కి సరే అంటాం. తప్పేం లేదు. కానీ పేస్లిప్‌లో కనపడని కోత ఒకటి గుండె మీద పడుతుంది.

మామూలుగా నిద్రలో బీపీ పగటి కంటే 10 నుంచి 20 శాతం తగ్గుతుంది. నిద్ర చాలకపోయినా, మాటిమాటికీ మెలకువ వచ్చినా ఆ తగ్గుదల సరిగా రాదు. ఏళ్ల తరబడి ఇలాగే నడిస్తే బీపీ, షుగర్, బరువు పెరుగుతాయి, వాటితోపాటు గుండెజబ్బు ముప్పూ పెరుగుతుంది. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2022లో గుండె కోసం చూసుకోవాల్సిన ఎనిమిది అంశాల్లో నిద్రనూ చేర్చింది. పెద్దవాళ్లకి 7 నుంచి 9 గంటలు కావాలంది.

మా టీమ్‌లో ఒక లీడ్ లెక్క చూడండి. తెల్లవారుజామున 3:30కి లాగవుట్, 4:45కి క్యాబ్ దిగడం, ఫోన్ చూస్తూ 5:30కి పడుకోవడం. పదింటికల్లా కొరియర్ బెల్లు, కుక్కర్ విజిల్. మొత్తం నాలుగున్నర గంటలు. 7 గంటల లెక్కన అయిదు రోజులకి పన్నెండున్నర గంటల బాకీ. శనివారం మధ్యాహ్నం దాకా పడుకుంటే తీరిపోతుందనుకునేవాడు. హెల్త్ చెకప్‌లో బీపీ 150/96 వచ్చింది. "ట్రాఫిక్‌లో పడి వచ్చాను కదా" అని రిపోర్ట్ డ్రాయర్‌లో పడేశాడు. అసలు తప్పు అక్కడ జరిగింది.

మీరు ఇలా చేయండి. నిద్ర టైమ్‌ని క్లయింట్ కాల్ లాగా బ్లాక్ చేసి ఇంట్లో చెప్పండి. గదికి మందపాటి కర్టెన్ వేయండి, బెల్లు ఆపేయండి. చివరి కాఫీ నిద్రకి కనీసం 6 గంటల ముందే తాగేయండి. నిద్ర కోసం పెగ్గు వేయకండి, సొంతంగా నిద్రమాత్రలు కొనకండి. ఇంట్లో బీపీ మెషిన్‌తో వారం రోజులు రీడింగ్స్ రాసి డాక్టర్‌కి చూపించండి. నైట్ షిఫ్ట్ అని తప్పకుండా చెప్పండి, బీపీ మాత్ర రాస్తే ఏ టైమ్‌కి వేసుకోవాలో అప్పుడే తేలుతుంది.

గురకని నవ్వులాటగా తీసుకోకండి. గురక మధ్యలో ఊపిరి ఆగుతోందని ఇంట్లోవాళ్లు అంటే స్లీప్ అప్నియా కావచ్చు. ఊపిరి ఆగినప్పుడల్లా ఆక్సిజన్ పడిపోతుంది, బీపీ ఎగబాకుతుంది. స్లీప్ స్టడీ చేయించుకోండి, దీనికి వైద్యం ఉంది.

షిఫ్ట్ వారం వారం మారుతుంటే రీడింగ్స్, డాక్టర్ నోట్ పెట్టి ఒకే షిఫ్ట్ ఇవ్వమని మేనేజర్‌కి మెయిల్ చేయండి. నోటిమాటగా అడిగింది రోస్టర్ దాకా వెళ్లదు. ఛాతీలో నొక్కినట్టుండి చెమటలు పడితే గ్యాస్ అనుకుని లాగిన్ అవకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. మేనేజర్‌కి తర్వాత చెప్పుకోవచ్చు.