రేవున నిలిచిన తల్లులు

పాఠ్యభాగ ఉద్దేశం: శ్రమజీవుల ప్రాణరక్షణకై సామాన్య స్త్రీలు సాగించిన పోరాటాన్ని విద్యార్థులకు పరిచయం చేయడం.

ఇంగ్లండు తూర్పుభాగాన హంబర్ నది ఒడ్డున వెలసిన హల్ నగరం ఇరవయ్యో శతాబ్దంలో దూరసముద్రపు చేపలవేటకు పేరెన్నికగన్నది. రేవు సమీపంలోని హెసిల్ రోడ్డు ఆ ఊరి జాలరిపేట. అక్కడి పురుషులు ట్రాలర్లపై ఐస్‌లాండ్ తీరానికి, బేరెంట్స్ సముద్రానికి పోయి, పెద్ద వలను నీటి అడుగున ఈడ్చి కాడ్ చేపలను పట్టి తెచ్చేవారు. ఒక్కొక్క యాత్ర సుమారు మూడు వారాలు; ఇంటివద్ద గడిపేది రెండు మూడు రోజులే.

భర్త బయలుదేరిన నాడు భార్య బట్టలు ఉతికేది కాదు. ఉతికితే అల అతణ్ణి కొట్టుకుపోతుందని భయం. సాగనంపడానికి స్త్రీలు రేవుకు పోవడం అశుభమని నమ్మేవారు. మృత్యువు వెన్నంటి ఉండే వృత్తిలో ఇటువంటి విశ్వాసాలు పుట్టడం సహజం.

ఉత్తర సముద్రాల శీతకాలంలో ఎగసిపడే నీటితుంపరలు ఓడపై పడగానే గడ్డకడతాయి. తాళ్ళమీద, స్తంభాలమీద మంచు పేరుకొని ఓడ పైభాగం బరువెక్కుతుంది. నావికులు గొడ్డళ్ళతో ఆ మంచును నరికి పారవేయాలి. చేతులు అలసి ఆగితే ఓడ ఒరిగిపోతుంది.

1968 జనవరి 10న సెయింట్ రోమానస్ అనే ట్రాలరు రేడియో ఉద్యోగి లేకుండానే హల్ నుండి బయలుదేరింది. దాని జాడ తెలియక రెండు వారాలు దాటినా వెదికే ప్రయత్నం మొదలుకాలేదు. ఆపై కింగ్‌స్టన్ పెరిడాట్ కనుమరుగైంది. ఫిబ్రవరి 4న ఐస్‌లాండ్ వద్ద తుపానులో రాస్ క్లీవ్‌లాండ్ మునిగింది. మూడు ఓడలలో 58 మంది అసువులు బాశారు. మూడవ ఓడనుండి హ్యారీ ఎడమ్ ఒక్కడే బ్రతికి బయటపడ్డాడు.

చేపల కర్మాగారంలో పనిచేసే లిలియన్ బిలోకా కుమారుడు కూడా ట్రాలరు నావికుడే. ఆమె తోటి స్త్రీలను కూడగట్టి పదివేల సంతకాలు సేకరించింది. ప్రతి ఓడలో రేడియో ఉద్యోగి ఉండాలని, వైద్యసౌకర్యం గల రక్షణనౌక తోడు రావాలని కోరింది. స్త్రీలు అడుగుపెట్టరాదన్న రేవులోనే నిలిచి, రేడియో ఉద్యోగి లేకుండా కదిలే ఓడలోకి దూకబోయింది. పోలీసులు ఆమెను పట్టి ఆపారు. ఆ స్త్రీలు లండన్ వెళ్ళి మంత్రులను కలిసి తమ కోర్కెలను సాధించుకున్నారు.

అయితే బిలోకాకు దక్కిన ఫలం చేదైనది. బెదిరింపు లేఖలు వచ్చాయి, ఉద్యోగం పోయింది. 1988లో ఆమె పేదరికంలోనే కన్నుమూసింది. 1976లో ఐస్‌లాండ్ 200 మైళ్ళ హద్దును బ్రిటన్ అంగీకరించిన తరువాత హల్ ట్రాలర్ల వైభవం అస్తమించింది. నాటి ఓడలలో ఆర్కిటిక్ కోర్సేర్ నేటికీ స్మారకంగా మిగిలి ఉంది. కాని ఆ తల్లులు సాధించిన రక్షణ, వారి ముఖమైనా ఎరుగని నావికులను ఎందరినో ఇంటికి చేర్చింది.

అర్థాలు
అసువులు బాయు = మరణించు
కూడగట్టు = ఒకచోట చేర్చు
పేరెన్నికగన్న = ప్రసిద్ధమైన

ప్రశ్నలు
1. ఓడపై మంచు పేరుకొనడం ఎందుకు ప్రమాదకరం?
2. బిలోకా రేవులో నిలవడం ఆచారానికి ఎలా విరుద్ధమో వివరించండి.
3. మీ ప్రాంతపు వృత్తులలో ప్రాణాపాయం గల ఒకదానిని గూర్చి వ్యాసం వ్రాయండి.