చోదక విద్య: తరగతి గదా? అంతర్జాలమా?

విద్యలన్నింటిలోను చోదక విద్యకు ఒక ప్రత్యేకత ఉన్నది. ఇతర విద్యలలో పొరపాటు జరిగితే నష్టపోయేది చాలావరకు నేర్చుకొనేవాడే. వాహనం నడపడంలో పొరపడితే, దారిన పోయే నిరపరాధి కూడా దాని ఫలితం అనుభవించవలసి వస్తుంది. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల వల్ల 1,68,491 మంది మరణించారని కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ నివేదిక తెలుపుతున్నది. వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాలపై ప్రయాణించినవారే. కనుక హ్యాండిల్ పట్టకముందే రహదారి ధర్మం తెలుసుకోవాలి.

18 సంవత్సరాలు నిండినవారు లెర్నర్ లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవచ్చు. ఇందుకు జరిగే పరీక్షలో రహదారి చిహ్నాలు, నియమాలు, ప్రమాదవేళ చోదకుని కర్తవ్యం, కాపలాలేని రైల్వే గేటు వద్ద పాటించవలసిన జాగ్రత్తలు మొదలైనవి అడుగుతారు. సొంత వాహనం నడపగోరేవారు డ్రైవింగ్ స్కూలులో చేరితీరాలన్న నియమం లేదు. కాబట్టి ఈ పాఠాలను తరగతి గదిలో వినాలా, అంతర్జాలంలో చదవాలా అన్నది విద్యార్థి నిర్ణయానికే వదిలివేయబడింది.

అంతర్జాల పాఠానికి కొన్ని సుగుణాలున్నాయి. డ్రైవింగ్ స్కూలు లేని పల్లెలోనూ అది అందుతుంది. కళాశాల వేళలకు అడ్డురాదు. అర్థం కాని భాగాన్ని పదిసార్లు వినవచ్చు. చిహ్నాల వంటి కంఠస్థం చేయవలసిన విషయాలకు అది చక్కగా సరిపోతుంది. వృత్తాకార చిహ్నాలు ఆజ్ఞాపిస్తాయి. త్రిభుజాకార చిహ్నాలు హెచ్చరిస్తాయి. ఇటువంటివి ఫోనులో పదేపదే చూస్తే మనసులో నిలుస్తాయి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే వాహనం, చోదకుడు అపాయాన్ని గుర్తించి బ్రేకు నొక్కేలోగా ఒక్క సెకను గడిచినా, సుమారు 17 మీటర్లు ముందుకు సాగిపోతుంది. ఈ సత్యాన్ని మాటల కంటె కదిలే బొమ్మ బాగా చూపగలదు.

అయితే తెర మనకు చెప్పగలదే గాని, మన సందేహాన్ని వినలేదు. మన ప్రాంతంలో కోతల కాలం వచ్చిందంటే రైతులు రోడ్డుపైనే ధాన్యం ఆరబోస్తారు. రాత్రివేళ నల్లని టార్పాలిన్లు కప్పి, అంచున రాళ్లు పెడతారు. వెనుక దీపం లేని ట్రాక్టరు ట్రాలీలు అదే దారిన పోతుంటాయి. దేశమంతటికీ ఒకే విధంగా తయారైన పాఠంలో ఈ ప్రమాదాలకు చోటుండదు. ఆ దారులు తెలిసిన శిక్షకుడు మాత్రమే “అక్కడ ఏమి చేస్తావు?” అని ప్రశ్నించి, జవాబును సరిదిద్దగలడు. ప్రథమ చికిత్స విషయమూ అంతే. గాయపడినవానికి వైద్యసహాయం అందేటట్లు చూడడం ఆ వాహన చోదకునికి చట్టం విధించిన బాధ్యత. రక్తస్రావాన్ని ఆపడానికి కట్టు కట్టే విధానం చేతులతో చేసి చూస్తేనే పట్టుబడుతుంది.

తరగతి గది ఉన్నంత మాత్రాన బోధన ఉన్నట్లు కాదు. ప్రశ్నల పట్టిక చేతిలో పెట్టి, జవాబులు బట్టీ పట్టించే గదికంటె మంచి అంతర్జాల పాఠమే మేలు. 2021 జూలై 1న అమలులోకి వచ్చిన గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాల నిబంధనలు, తేలికపాటి వాహన శిక్షణకు 29 గంటలు నిర్ణయించి, అందులో 8 గంటలు పాఠ్యబోధనకు కేటాయించాయి. సిద్ధాంతానికి ఇంత ప్రాధాన్యం ఎందుకో ఆలోచించాలి.

ఏకలవ్యుడు గురుముఖంగా వినకుండానే, ప్రతిమ ఎదుట సాధన చేసి విలుకాడైనాడు. అంతటి పట్టుదల ఉన్నవారికి తెర కూడా గురువు కాగలదు. కాని గురి తప్పిన అతని బాణం అడవిలో పడి ఉంటుంది. అదుపు తప్పిన వాహనం జనం మధ్యకు వస్తుంది.

కనుక చిహ్నాలు, నియమాలు అంతర్జాలంలో అభ్యసించి, సందేహాలకు, ప్రథమ చికిత్సకు, స్థానిక రహదారుల పరిచయానికి శిక్షకుని ఆశ్రయించడం ఉత్తమం. రెండింటిలో ఒక్కటే సాధ్యమైతే, ప్రశ్న అడిగే అవకాశం ఉన్నదానినే ఎంచుకోవాలి. లెర్నర్ లైసెన్సు పొందిన 30 రోజులు గడిస్తే గాని వాహనం నడిపే పరీక్షకు హాజరు కావడానికి వీలులేదు. ఆ వ్యవధిలో చదివినదాన్ని అనుభవజ్ఞుని పక్కన కూర్చోబెట్టుకొని రోడ్డుపై సరిచూసుకోవాలి. పరీక్షలో ఉత్తీర్ణత ఒక్కనాటిది. రహదారి పెట్టే పరీక్ష ప్రతిదినం ఉంటుంది.

అభ్యాసం

అర్థాలు
చోదకుడు = వాహనం నడిపేవాడు
నిరపరాధి = తప్పు చేయనివాడు
ప్రతిమ = బొమ్మ, విగ్రహం

ప్రశ్నలు
1. అంతర్జాల పాఠం ఏయే విషయాలకు అనువైనది? ఎందుకు?
2. స్థానిక రహదారుల పరిజ్ఞానం చోదకునికి ఎందుకు అవసరం?
3. ఏకలవ్యుని ప్రస్తావన ద్వారా రచయిత చెప్పదలచిన భావమేమి?
4. మీ ఊరి దారిలో కొత్త చోదకుడు గమనించవలసిన ప్రమాదాలను గురించి పది వాక్యాలు రాయండి.