పాత ఇంటి చలిమంట గూడు: మరమ్మతులో పాటించవలసిన జాగ్రత్తలు

సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న బెంగళూరులో మార్గశిర, పుష్య మాసాల రాత్రులు చల్లగా ఉంటాయి. 1809లో దండు ప్రాంతం ఏర్పడిన తరువాత ఇక్కడ వెలసిన బంగళాలు కొన్నింటిలో గోడలోనే చలిమంట గూడును, దానిపై ఇంటికప్పును దాటి వెళ్లే పొగగొట్టాన్ని నిర్మించారు. కుంపటినీ, పెరటి చలిమంటనూ ఎరిగిన తెలుగు కుటుంబాలకు ఈ ఏర్పాటు కొత్తగా తోచవచ్చు. వాడుకలో లేనిదానికి చోటెందుకన్న ప్రశ్నా సహజమే. అయినప్పటికీ దానిని తొలగించే ముందు కొన్ని విషయాలు తెలుసుకొనుట అవసరం.

గోడ మోసే భారం

గూటికి ఇరువైపులా ఉన్న ఇటుక కట్టడం పైనున్న పొగగొట్టపు బరువును మోస్తుంది. కింది భాగాన్ని పడగొట్టి పైభాగాన్ని అలాగే వదిలితే ఆ బరువుకు ఆధారముండదు. అది కూలినచో పనిచేసే కూలీలకూ, ఇంటివారికీ ప్రాణాపాయం. కాబట్టి నిర్మాణ ఇంజినీరు పరిశీలించనిదే ఒక్క ఇటుకనైనా కదల్చరాదు. కట్టడంలో మార్పులకు పురపాలక కార్యాలయపు అనుమతి అవసరమేమో ముందుగానే విచారించాలి.

పని మొదలిడుటకు ముందు

గూడును నలువైపులా ఛాయాచిత్రాలు తీసి, కొలతలు వ్రాసి ఉంచాలి. అలంకారపు పలకలను విప్పవలసివస్తే ఒక్కొక్కదానికి వెనుక సంఖ్య వేయాలి. పాత రంగులలో సీసం ఉండవచ్చు. వాటిని పొడిగా గరుకు కాగితంతో రుద్దితే విషధూళి లేస్తుంది. ఆ సమయంలో పిల్లలను, గర్భిణులను ఆ గదికి దూరంగా ఉంచాలి.

సున్నమా, సిమెంటా?

పాత గోడలను సాధారణంగా సున్నపు గారతో కట్టారు. సున్నం మెత్తనిది, గోడలోని చెమ్మను బయటికి పోనిస్తుంది. దానిపై గట్టి సిమెంటు పూత పూస్తే చెమ్మ లోపలే నిలిచి, కాలక్రమాన మెత్తని ఇటుకలు పొడిగా రాలుతాయి. అందువలన అతుకులకు సున్నపు గారనే వాడాలి. ఆ పని తెలిసిన మేస్త్రీని వెదకుటకు పట్టే కాలం వృథా కాదు.

మూసివేయదలచినచో

గూడును పూర్తిగా బిగించరాదు. కింద చిన్న గాలిజాలీని అమర్చి, పైన వాన పడకుండా, గాలి ఆడేటట్లు టోపీ పెట్టాలి. లేనిచో పాత మసిలోని లవణాలు తేమను పీల్చి గోడపై మరకలు కడతాయి.

వెలిగించదలచినచో

పక్షిగూళ్లను, తేనెతుట్టెలను, మసిని నిపుణునిచే తొలగింపజేసి, పొగ సాఫీగా పైకి పోవుచున్నదో లేదో పరీక్షింపజేయాలి. పొగగొట్టం మూసుకుపోయిన గదిలో కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీయగలదు. తలుపులన్నీ బిగించి మంట వేయుట, నిప్పు ఆరకముందే నిద్రించుట ఎన్నడూ తగదు.

పునశ్చరణ

1. గూటి కింది భాగాన్ని మాత్రమే తొలగించుట ఎందుకు ప్రమాదకరం?
2. పాత గోడకు సున్నపు గార ఏల మేలు?
3. మూసివేసిన గూటికి గాలిజాలీ ఎందుకు ఉండాలి?