పాత కంప్యూటరుకి కెర్నెలు వైద్యం

ఉద్యోగంలో రోజూ వందల సర్వర్ల నాడి చూసేవాళ్ళం మనం. ఇంట్లో కంప్యూటరు మూలుగుతుంటే మాత్రం "పాతదైపోయింది, పారెయ్యాలి" అనేసి ఊరుకుంటాం. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో, మా ఇంటి బేస్‌మెంట్లో ఉన్న డెస్క్‌టాపు సంగతీ అంతే. 2008లో కొన్నది. కోర్ 2 క్వాడ్ ప్రాసెసరు, 4 జీబీ మెమరీ, నిమిషానికి 7200 సార్లు తిరిగే హార్డ్‌డిస్కు. మదర్‌బోర్డు 4 జీబీకి మించి తీసుకోదు. విండోస్ 11 ఇటువంటి యంత్రాన్ని గుమ్మంలోకే రానివ్వదు. విండోస్ 10కి చూస్తే 2025 అక్టోబరు 14తో మద్దతు అయిపోయింది. ఇక మిగిలింది లినక్సే. డెబియన్ 13 వేశాను. అందులో ఉన్నది 6.12 కెర్నెలు. యంత్రం పాతది, కెర్నెలు కొత్తది అన్నమాట.

దీన్ని బాగు చెయ్యాల్సిన అవసరం అమ్మ వల్ల వచ్చింది. ఈసారి ఆరు నెలలకని వచ్చినప్పుడు, పోయిన నాన్నగారి నోటుపుస్తకాలు నాలుగు వెంట తెచ్చుకుంది. ఊరి సంగతులు, పొలం లెక్కలు, చుట్టాల పెళ్ళిళ్ళు అన్నీ ఆయన చేత్తో రాసుకున్నవి. కాగితాలు అంచుల దగ్గర పొడి అయిపోతున్నాయి. వెళ్ళేలోగా అన్నీ టైపు చేసి మనవలకి ఇచ్చి వెళ్ళాలని ఆవిడ పట్టుదల. "లాప్‌టాపులో అక్షరాలు ఆనట్లేదురా, ఆ పెద్ద తెర ఉన్నది చాలు నాకు" అంది.

బ్రౌజర్లో ఒక పక్క తెలుగు టైపింగు పేజీ, ఇంకో పక్క రెండు వార్తాపత్రికలు, మధ్యలో హైదరాబాదులో ఉన్న చెల్లితో వీడియో కాల్. పావుగంటకొకసారి మౌసు కూడా కదలకుండా అంతా బిగుసుకుపోయేది. డిస్కు దీపం మాత్రం ఆరకుండా వెలుగుతూ ఉండేది.

నేను చేసిన తప్పు

ఒక రాత్రి ఎక్కడో దొరికిన పన్నెండు వరసల సెట్టింగులని తెచ్చి అలాగే అతికించేశాను. వాటిలో సగం నెట్‌వర్కు సర్వర్లకి సంబంధించినవి. బేస్‌మెంట్లో కూర్చుని టైపు చేసుకునే మనిషికి వాటితో పనే లేదు. మిగతావాటిలో ముఖ్యమైనది, వీఎం.స్వాపినెస్‌ని సున్నా చెయ్యమనడం. అదీ చాలలేదనిపించి, మర్నాడు స్వాప్ మొత్తం ఆపేశాను. "స్వాప్ లేకపోతే డిస్కు మీదకి వెళ్ళడమే ఉండదుగా" అని నా తెలివి.

ఆ మధ్యాహ్నం రెండు నిమిషాలు బిగుసుకుపోయి, తరవాత టైపింగు పేజీ ఉన్న ట్యాబు చచ్చిపోయింది. మెమరీ పూర్తిగా అయిపోతే కెర్నెలు ఏదో ఒక ప్రాసెస్‌ని చంపి తక్కినవాటిని బతికిస్తుంది. దాన్నే ఓఓఎం కిల్లర్ అంటాం. బ్రౌజర్లు తమ ట్యాబులనే ముందు బలిచ్చేలా గుర్తు పెట్టి ఉంచుతాయి. దాంతో అమ్మ మూడు గంటల శ్రమ, పదకొండు పేజీలు, గాల్లో కలిసిపోయాయి. "పోనీలే నాన్నా, రేపు మళ్ళీ కొడతాను" అంది. ఆవిడ తిట్టినా బాగుండేది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఏమిటో ఆ రోజు తెలిసింది.

అతికించిన పన్నెండు వరసలూ తీసేసి, స్వాప్ మళ్ళీ పెట్టి, మొదటి నుంచి మొదలుపెట్టాను. ఈసారి ఆఫీసులో చేసినట్టే, ముందు కొలత, తరవాతే మందు.

ముందు కొలవండి

(ఆదేశాల పేర్లు ఇక్కడ పలికే తీరులో తెలుగులో రాస్తున్నాను. కీబోర్డు మీద మీకు తెలిసిన స్పెల్లింగే కొట్టండి.)

టెర్మినల్లో వీఎంస్టాట్ 5 అని కొడితే అయిదు సెకన్లకొక వరస వస్తుంది. ఎస్ఐ, ఎస్ఓ అనే నిలువు వరసలు స్వాప్ నుంచి ఎంత లోపలికి వస్తోందో, ఎంత బయటికి పోతోందో చెబుతాయి. డబ్ల్యూఏ అన్నది డిస్కు కోసం ప్రాసెసరు ఖాళీగా కూర్చున్న సమయం. 2018 డిసెంబరులో వచ్చిన 4.20 కెర్నెలు నుంచి ఇంకా మంచి సాధనం ఒకటుంది. ప్రాక్ డైరెక్టరీలో ప్రెషర్ కింద మెమరీ, ఐఓ, సీపీయూ అనే ఫైళ్ళు. మెమరీ కోసం ఎదురుచూపుల్లో ఎంత శాతం కాలం వృథా అయిందో పది సెకన్లకి, నిమిషానికి, అయిదు నిమిషాలకి విడివిడిగా చూపిస్తాయి. మీ యంత్రంలో ఈ ఫైళ్ళు లేకపోతే, బూట్ వరసలో పీఎస్ఐ=1 అని చేర్చి చూడండి.

మా డెస్క్‌టాపు బిగుసుకున్నప్పుడు సీపీయూ దాదాపు ఖాళీగానే ఉంది. బాధంతా మెమరీది, దాని వెనక డిస్కుది. అంటే ప్రాసెసరుకి సంబంధించిన సెట్టింగు ఏది తిప్పినా ప్రయోజనం లేదని మొదటి పది నిమిషాల్లోనే తేలిపోయింది.

డిస్కు ఎంత నెమ్మదో లెక్క వేసి చూద్దాం. నిమిషానికి 7200 చుట్లు అంటే ఒక చుట్టుకి 8.3 మిల్లీసెకన్లు. కావలసిన చోటు తల కిందకి రావడానికి సగటున అరచుట్టు, 4.2 మిల్లీసెకన్లు. తల జరగడానికి ఇంకో ఎనిమిదో తొమ్మిదో. అంతా కలిపి 12, 13 మిల్లీసెకన్లు. అంటే సెకనుకి సుమారు 80 తడవలు. మెమరీ పేజీ 4 కేబీ. చెల్లాచెదురుగా పడి ఉన్న 100 ఎంబీని ఒక్కో పేజీగా తేవాలంటే 25,600 తడవలు, అయిదు నిమిషాల పైమాటే. కెర్నెలు పక్క పేజీలని కూడా కలిపి తెస్తుంది కాబట్టి అసలు కాలం అంత ఉండదు. అయినా అమ్మ ఎందుకు ఎదురుచూడాల్సి వస్తోందో ఈ లెక్కలోనే ఉంది.

వంటింటి గట్టు

మెమరీని వంటింటి గట్టు అనుకోండి. డిస్కు కింద బేస్‌మెంట్లో ఉన్న సామాన్ల గది. గట్టు మీద రెండు రకాల వస్తువులుంటాయి. చాకు, అట్లకాడ, పప్పు డబ్బా లాంటివి మొదటి రకం. వీటి చోటు కిందే ఉంది కాబట్టి, గట్టు మీంచి తీసేసినా మళ్ళీ తెచ్చుకోవచ్చు. డిస్కు మీద అసలు ఉన్న ఫైలు పేజీలు ఇవే. తరిగిన కూరలు, నానబెట్టిన పప్పు రెండో రకం. వీటికి కింద అసలు లేదు. తియ్యాలంటే గిన్నెలో సర్ది కింద ఫ్రిజ్‌లో పెట్టి రావాలి. ప్రోగ్రాములు నడుస్తూ సొంతంగా వాడుకునే మెమరీ ఇది. ఆ ఫ్రిజ్‌ పేరే స్వాప్.

స్వాపినెస్ 60 అంటే మెమరీ 60 శాతం నిండగానే స్వాప్ మొదలవుతుందని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. అది తప్పు. గట్టు మీద చోటు కావలసినప్పుడు ఏ రకం వస్తువుని తియ్యడానికి ఎంత ఖర్చో పోల్చి చూసుకునే త్రాసు అది. దాన్ని సున్నా చేస్తే "తరిగిన కూరల జోలికి చివరిదాకా పోకు" అని చెప్పినట్టు. అప్పుడు కెర్నెలు ఏం తీస్తుంది? చాకు, అట్లకాడ. బ్రౌజరు ప్రోగ్రాము కోడు కూడా ఫైలు పేజీయే మరి. ఒక్కో ముక్క తరగడానికి ఒక్కోసారి చాకు కోసం మెట్లు దిగినట్టే, నడుస్తున్న ప్రోగ్రాము తన కోడుని తనే డిస్కు నుంచి మళ్ళీ మళ్ళీ చదువుకుంటుంది. స్వాప్ లేకుండానే డిస్కు దీపం ఆరకపోవడానికి కారణం ఇదే. నేను రోగానికి కాక, దానికున్న ఒక్క దారికి అడ్డం కట్టాను.

పనిచేసిన మూడు మార్పులు

మొదటిది జీ-ర్యామ్. స్వాప్‌కి వెళ్ళాల్సిన పేజీలని డిస్కుకి పంపకుండా, కుదించి మెమరీలోనే ఉంచుతుంది. గిన్నెలో గిన్నె పెట్టి గట్టు మీదే చోటు చేసుకోవడం లాంటిది. 2014లో 3.14తో ఇది పూర్తి స్థాయిలో కెర్నెల్లో చేరింది. ఫెడోరా 2020లో 33వ విడుదల నుంచి దీన్ని మొదటే పెట్టి ఇస్తోంది. డెబియన్‌లో జీ-ర్యామ్ టూల్స్ అన్న ప్యాకేజీ వేసుకుని, మెమరీలో 50 శాతం, ఎల్‌జీ4 పద్ధతి అని చెప్పాను. ఎల్‌జీ4 పాత ప్రాసెసరుకి భారం కాదు. డిస్కు స్వాప్‌ని తీసెయ్యలేదు, తక్కువ ప్రాధాన్యంతో వెనక ఉంచాను.

జీ-ర్యామ్ ఉంటే స్వాపినెస్‌ని పెంచాలి, తగ్గించకూడదు. 2020లో వచ్చిన 5.8 నుంచి దీని హద్దు 200. స్వాప్‌కీ, ఫైళ్ళకీ ఒకటే ఖర్చయితే 100. స్వాప్ రెండింతలు వేగమైతే 133 అని కెర్నెలు పత్రాలే లెక్క చెబుతాయి. జీ-ర్యామ్ మా హార్డ్‌డిస్కు కన్నా ఎన్నో రెట్లు వేగం కాబట్టి 150 పెట్టాను. దానితోపాటు వీఎం.పేజ్-క్లస్టర్‌ని 3 నుంచి 0కి దించాను. 3 అంటే ఒకేసారి 8 పేజీలు తెమ్మని. తల జరిగే డిస్కుకి అది లాభం, జీ-ర్యామ్‌లో జరగడానికి తలే లేదు.

రెండోది, రాయాల్సిన సమాచారం మెమరీలో పేరుకుపోకుండా చూడడం. మామూలుగా వాడుకోదగ్గ మెమరీలో 20 శాతం దాకా ఇలా పేరుకోవచ్చు. 3 జీబీలో 600 ఎంబీ. సెకనుకి 5 ఎంబీ రాసే పాత పెన్‌డ్రైవు మీదకి ఫొటోలు కాపీ చేస్తుంటే, అది దిగడానికి రెండు నిమిషాలు. ఆ కాసేపూ మిగతా ప్రోగ్రాములూ ఆగిపోవచ్చు. వీఎం.డర్టీ_బైట్స్‌ని 67108864, అంటే 64 ఎంబీ, వీఎం.డర్టీ_బ్యాక్‌గ్రౌండ్_బైట్స్‌ని 16777216, అంటే 16 ఎంబీ చేశాను. ఇవి పెడితే శాతాల సెట్టింగులు వాటంతట అవే రద్దవుతాయి.

మూడోది, హార్డ్‌డిస్కు షెడ్యూలర్‌గా బీఎఫ్‌క్యూ. 2017లో 4.12తో వచ్చింది. వెనక ఏదో పెద్ద ఫైలు కాపీ అవుతున్నా, ముందున్న ప్రోగ్రాముకి తన వంతు అందేలా చూస్తుంది.

ముట్టుకోనివి

సీపీయూ షెడ్యూలర్‌ని వదిలేశాను. దాని వెనక ఒక కథ ఉంది. మెల్‌బోర్న్‌లో మత్తు డాక్టరు కాన్ కొలివాస్, కెర్నెలు పెద్ద సర్వర్ల కోసమే తయారవుతోంది, ఇంట్లో డెస్క్‌టాపు గోడు ఎవరికీ పట్టదు అని ఏళ్ళ తరబడి సొంత ప్యాచీలు రాశారు. 2007లో ఆయన రాసిన షెడ్యూలర్ కాక, ఇంగో మోల్నార్ రాసిన సీఎఫ్ఎస్ 2.6.23లో చేరింది. కొలివాస్ ఆ జులైలోనే విసిగి తప్పుకున్నారు. 2009లో బీఎఫ్ఎస్‌తో మళ్ళీ వచ్చారు గానీ, అది ప్రధాన కెర్నెల్లో చేరలేదు. ఆయన గోడు మాత్రం వృథా కాలేదు. 2.6.24లో శ్రీవత్స వడ్డగిరి తదితరుల పనితో ప్రాసెస్‌లని గుంపులుగా చూసి సమయం పంచడం వచ్చింది. 2011లో 2.6.38తో మైక్ గాల్‌బ్రెయిత్ ఆటోగ్రూప్ వచ్చింది. 2023లో 6.6 నుంచి సీఎఫ్ఎస్ చోట ఈఈవీడీఎఫ్ పద్ధతి వచ్చింది. ఇంతమంది ఇన్నేళ్ళు మథించిన చోట, కొలత లేకుండా నేను వేలు పెట్టడం ఎందుకు?

ఇంకొకటి, మిటిగేషన్స్=ఆఫ్. 2018 జనవరిలో బయటపడ్డ మెల్ట్‌డౌన్, స్పెక్టర్ లోపాలకి కెర్నెలు పెట్టిన అడ్డుకట్టలని తీసేస్తే పాత ప్రాసెసరు కాస్త వేగం అందుకోవచ్చు. కానీ బ్రౌజరు నడిచే యంత్రమంటే ఊరూపేరూ తెలియనివాళ్ళ ప్రోగ్రాములు నడిచే యంత్రం. అమ్మ బ్యాంకు ఖాతా కూడా అందులోనే తెరుస్తుంది. ఆ వేగం మాకక్కర్లేదు.

మార్చేవాళ్ళకి నాలుగు మాటలు

ఒకసారికి ఒకటే మార్చండి. మార్చాక ఒక రోజు వాడి, మళ్ళీ కొలవండి. ముందు సిస్‌సీటీఎల్ ఆదేశంతో తాత్కాలికంగా పెట్టి చూడండి. తేడా వస్తే రీబూట్ చేస్తే పోతుంది. నచ్చాకే ఈటీసీలో సిస్‌సీటీఎల్.డీ అన్న డైరెక్టరీలో మీ ఫైలొకటి పెట్టి, ఏది ఎందుకు మార్చారో పక్కన రాసుకోండి. డెబియన్ 13లో పాత సిస్‌సీటీఎల్.కాన్ఫ్ ఫైలుని బూట్ సమయంలో చదవడం మానేశారు, గుర్తుంచుకోండి.

ఇవన్నీ అయ్యాక బిగుసుకుపోవడం పూర్తిగా పోలేదు గానీ, రోజుకి ఒకటి రెండుసార్లు, అదీ కొన్ని సెకన్లకి దిగింది. తరవాత పాత లాప్‌టాపులోంచి తీసిన ఎస్ఎస్‌డీ ఒకటి పెట్టాను. నిజం చెప్పాలంటే, నా సెట్టింగులన్నీ కలిపి చేసిన దానికన్నా ఆ ఒక్క డబ్బా ఎక్కువ చేసింది. సెకనుకి 80 తడవలు ఎక్కడ, వేల తడవలు ఎక్కడ! మీకు ఎస్ఎస్‌డీ పెట్టే వీలుంటే ముందు అది పెట్టి, ఆ తరవాత ఈ వ్యాసం చదవండి. అయితే కొలవకుండా ఉంటే, అసలు జబ్బు డిస్కు దగ్గరుందని నాకు తెలిసేది కాదు.

అమ్మ వెళ్ళేలోగా మూడు పుస్తకాలు పూర్తయ్యాయి. పోయిన పదకొండు పేజీలూ మళ్ళీ కొట్టింది. టైపింగు పేజీని మాన్పించి, నిమిషానికొకసారి దానంతటదే సేవ్ చేసుకునే ఎడిటరు పెట్టిచ్చాను. అది కెర్నెలు సెట్టింగు కాదు, మొదటి రోజే చెయ్యాల్సిన పని. నాలుగో పుస్తకం ఇక్కడే వదిలి వెళ్ళింది. "ఇది నువ్వు కొట్టు" అంది. సాయంత్రాలు ఆ పెద్ద తెర ముందు కూర్చుని, నాన్నగారి చేతిరాత కూడబలుక్కుంటూ నేనే కొడుతున్నాను.