సినిమాల మీద రాయబోయే మేనకోడలికి

సూళ్లూరుపేట



ఆసియా సినిమాల మీద నువ్వు రాసి పంపిన వ్యాసం చదివాను. భాష బాగుంది. కానీ కొరియా సినిమా 'పారసైట్'కి ఏయే అవార్డులు వచ్చాయో రెండు పేజీలు రాశావు. అవి ఎవరైనా రాస్తారు. ఆ సినిమాలో వాన కురిసిన రాత్రి, సగం నేలలోకి దిగిన ఇంట్లోకి మురుగునీళ్లు వచ్చేస్తాయే, దాని మీద ఒక్క వాక్యమూ లేదు. వాయుగుండం పట్టిందంటే బియ్యం మూట అటక మీదికి ఎక్కించే ఇంట్లో పుట్టినదానివి నువ్వు. ఆ ఘట్టం గురించి నీకు తెలిసినంత కాన్ చిత్రోత్సవంలో కూర్చున్న విమర్శకుడికి తెలుస్తుందా?

కొరియా దాకా ఒక్కసారే పోవద్దు. ముందు నందినీరెడ్డి 'ఓ బేబీ' పట్టుకో. 2014లో కొరియాలో వచ్చిన 'మిస్ గ్రానీ'కి అది రీమేక్. 'మిస్ గ్రానీ'ని తీసిన హ్వాంగ్ డాంగ్ హ్యుక్కే తరవాత 'స్క్విడ్ గేమ్' తీశాడు. ఫొటో స్టూడియోకి వెళ్లిన అవ్వ పడుచుపిల్లగా మారే కథ. అది చైనా, వియత్నాం, జపాన్, థాయ్‌లాండ్, ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ అన్నీ తిరిగి 2019లో మన దగ్గరికొచ్చింది. ఎందుకు తిరగగలిగింది? నాకు తోచింది చెప్తాను. నోరున్న అత్త, ఆ నోటికి జబ్బుపడే కోడలు, అవ్వను ఎక్కడ ఉంచాలని గుసగుసలాడే పిల్లలు. ఇది ఏ దేశం వాళ్లకూ విడమర్చి చెప్పక్కర్లేదు. ఒప్పుకోకపోయినా సరే, రెండు సినిమాలూ పక్కపక్కన పెట్టుకుని చూడు. కొరియా అవ్వ పాడే పాటల స్థానంలో మనవాళ్లు ఏం పెట్టారు, అవ్వగా వేసిన లక్ష్మి నుంచి పడుచుపిల్లగా వేసిన సమంతకు నడక, తిట్టే తీరు ఎలా వచ్చాయి, ఏ సీను పెంచారు, ఏది తీసేశారు, అన్నీ నోటుబుక్కులో రాసుకో. మొదటిసారి చూసేటప్పుడు మాత్రం కలం ముట్టుకోవద్దు. ఏడుపొస్తే ఏడువు.

ఎస్.వి. శ్రీనివాస్ రాసినవి తప్పకుండా చదువు. హాంకాంగ్ కొట్లాట సినిమాలు మన చిన్న ఊళ్ల హాళ్లలో ఎలా ఆడాయి, తెలుగు మాస్ సినిమాకీ వాటికీ ఏం సంబంధం అని శ్రద్ధగా పరిశోధించిన మనిషి. బ్రూస్ లీని నేలటిక్కెట్టులో చూసినవాళ్లు కూడా ఆసియా సినిమా ప్రేక్షకులే కదా! మన వ్యాసాల్లో వాళ్ల ఊసే ఉండదు. నాకది కోపం. తెలుగులో సినిమా గురించి ఎలా రాయాలో తెలియాలంటే కొడవటిగంటి కుటుంబరావు సినిమా వ్యాసాలున్నాయి.

మన ఊరి పక్కనే, హైవే మీద, 2019లో 'సాహో'తో మొదలైన పెద్ద తెర హాలుంది. వంద అడుగుల వెడల్పు తెర చూడ్డానికి మద్రాసు నుంచి కార్లు కట్టుకుని వస్తున్నారు. ఇంటర్వెల్లో వాళ్లతో మాట్లాడు. అరవంలోనే అడుగు, నీకొచ్చుగా. అంతదూరం ఎందుకొచ్చారు, తెలుగు సినిమా తెలుగులోనే ఎందుకు చూస్తున్నారు అని. పుస్తకాల్లో దొరకని సరుకు అది.

పాత వ్యాసం పక్కన పెట్టెయ్. అవ్వ కథ మీద నాలుగు పేజీలు రాసి, సంక్రాంతికి వచ్చేటప్పుడు పట్టుకురా. అందులో 'అద్భుతం' అన్న మాట కనిపిస్తే చదవను.

మీ మామయ్య