దూడే మన పంట

మాధవీ,

నువ్వు వాట్సాప్‌లో పెట్టిన ప్లాను చదివాను. ఘట్‌కేసర్ దగ్గర రెండెకరాలు కౌలు, మన చావిట్లోంచి పన్నెండు ఆవులు, ఉస్మానియా క్యాంపస్‌లో పొద్దున్నే నడకకొచ్చేవాళ్ళకీ తార్నాక అపార్ట్‌మెంట్లకీ గాజు సీసాల్లో ఏ2 పాలు. ఆర్ట్స్ కాలేజీ ముందు నువ్వు అడిగినవాళ్ళంతా లీటరు నూట ఇరవైకి కొంటామన్నారట. అడిగితే కాదనేదెవరమ్మా? నెల తిరిగి బిల్లు చేతికొచ్చినప్పుడు ఏమంటారన్నదే లెక్క. పైగా మీకు కూతవేటులో లాలాపేటలో విజయ డెయిరీ ఉంది. దానితో పోటీ పడటానికి నీ దగ్గర ఉన్నవి పన్నెండు ఆవులు.

సరే, బేరం కుదిరిందనే అనుకుందాం. మన ఒంగోలు ఆవు ఎంత మంచిదైనా రోజుకు ఆరేడు లీటర్లు, అదీ ఈనిన మొదటి నెలల్లో. దూడను వదలందే చేపదు. ఆ దూడ తాగాల్సిన పాలు సీసాలోకి మళ్ళిస్తే మూడు నెలలకే దూడ డొక్కలు లెక్కపెట్టొచ్చు. ఈ ఇంట్లో మీ ముత్తాత నుంచీ తిన్న అన్నం పాలమ్మి కాదు, దూడలమ్మి. పాలు దూడకు, మిగిలితే ఇంటికి, ఇంకా మిగిలితే పాల కేంద్రానికి. ఈ వరస తిరగేస్తే రెండేళ్ళలో అమ్మడానికి పెయ్య ఉండదు.

ఏ2 అన్న ముక్క మీద ధర కట్టడం కూడా నాకు నచ్చలేదు. 2024 ఆగస్టులో ఆహార భద్రతా సంస్థ వాళ్ళు ప్యాకెట్ల మీద ఆ మాట తీసెయ్యమన్నారు, వారం తిరక్కుండా ఆ ఉత్తర్వును వెనక్కి తీసుకున్నారు. మళ్ళీ ఎప్పుడేమంటారో! గేదె పాలూ ఏ2వే కదా, మరి మనకెందుకు ఎక్కువిస్తారు? నీ హాస్టల్‌కి దగ్గర్లోనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. వెళ్ళి పెద్దవాళ్ళను అడుగు, ఆ తరవాత సీసా మీద ఏం రాయాలో చెబుదువు గాని.

ఇక బ్రెజిల్ ఆవు సంగతి. ‘మన ఆవు నలభై కోట్లు’ అని ఊరంతా ఫోన్లలో తిప్పారు, నువ్వూ పంపావు. వియాటినా-19 అనే ఆ ఆవులో మూడో వంతు వాటా 2023లో వేలంలో అమ్మారు. దాన్నిబట్టి మొత్తం ధర నలభై లక్షల డాలర్ల పైమాటని లెక్కగట్టారు. వాళ్ళు కొన్నది పాలు కాదు, దాని కడుపున పుట్టబోయేవాటిలో వాటా. అక్కడ నెలోర్ అని పిలిచే మన ఒంగోలు జాతిని పెంచేది ప్రధానంగా మాంసానికి. ఆ సంగతి వాట్సాప్‌లో ఎవరూ రాయలేదు. 1960ల మొదట్లో వాళ్ళు మన వైపు నుంచి ఆబోతుల్ని ఓడల్లో తీసుకెళ్ళారు. ఒకదానికి మన కరవది ఊరి పేరే ఉంది, మరోదానికి చేకూరపాడు పేరు. పశువులు మనవే. వాళ్ళు అదనంగా చేసిందల్లా 1938 నుంచీ జాతి పుస్తకం పెట్టి, నమోదైన దూడలకు తల్లెవరో తండ్రెవరో విడవకుండా రాయడం.

మన దగ్గరా రాతలు లేకపోలేదు. కేంద్ర ప్రభుత్వం వారి హెర్డ్ రిజిస్ట్రేషన్ యూనిట్లు రోహ్‌తక్, అహ్మదాబాద్, అజ్మీర్‌లతో పాటు మన ఒంగోలులోనూ ఉన్నాయి. జాతి లక్షణాలు చూసి, పాలు కొలిచి నమోదు చేస్తారు. అది సర్కారు పుస్తకం. మీ తాతది వేరే. చావిడి దూలానికి వేలాడే గుడ్డసంచిలో ఉన్నవి ఆయన నోటుపుస్తకాలే. ఒక పేజీ ఉన్నదున్నట్టు రాస్తున్నాను: ‘గౌరి, రెండో ఈత. కోడెదూడ. ఎడం వెనక చన్ను సన్నం. ఐదో నెలకే పాలు తగ్గినవి. తంతుంది, పేరు పెట్టి పిలిస్తే నిలబడుతుంది.’ ఏ సర్టిఫికెట్టులోనూ ఈ చివరి మాట ఉండదు.

పెయ్య కోసం వచ్చినవాళ్ళకు ఆయన ముందు తల్లిని పిండి చూపించేవాడు, ఆనక ఆ ఐదో నెల మాట చదివి వినిపించేవాడు. బేరం తగ్గేది. మీ నాన్న మహా విసుక్కునేవాడు. బళ్ళారి వైపు నుంచి వచ్చే కుటుంబం ఒకటుంది, ఇప్పుడు వాళ్ళ మనవడు వస్తున్నాడు. పగ్గం మీద చెయ్యి వేయకముందే పుస్తకం తెమ్మంటాడు. దళారిని వెంటబెట్టుకుని రాడు.

నువ్వు జెనెటిక్స్ చదువుతున్నావు గనక నీకే చెప్పాలి. మన ఆబోతు వచ్చి నాలుగో ఏడు. దాని కూతుళ్ళు ఎదకొస్తున్నాయి. తండ్రినీ కూతుర్నీ కలిపితే దూడకు ఇరవై ఐదు శాతం ఒకే రక్తం, ఒకే తండ్రి పిల్లల్ని కలిపితే పన్నెండున్నర అని నువ్వే కదా చెప్పావు. ఊళ్ళో ఎవరి ఆవుకు ఏ ఆబోతు దాటిందో నాకు నోటికొచ్చు. నేను పోతే ఆ లెక్క నాతోనే పోతుంది. గచ్చిబౌలిలోని పశు బయోటెక్నాలజీ సంస్థ వాళ్ళు 2021లో దేశీ జాతుల కోసం ఇండిగౌ అని ఒక జన్యు పరీక్ష చిప్ తెచ్చారు. తార్నాకలో మెట్రో ఎక్కితే రాయదుర్గం దాకా బండి మారక్కర్లేదు, అక్కణ్ణుంచి ఆటో. మనలాంటివాళ్ళ పశువుల్ని పరీక్షిస్తారా, ఖర్చెంత అని అడిగి రా. పాల సీసాల లేబులు కంటే ఆ పని ముందు.

ఎంత ధర పలికినా ఏటా పుట్టినవాటిలో మొదటి రకం పెయ్యను అమ్మకు. డబ్బు అవసరం వస్తే రెండో రకం అమ్ము, అప్పు చెయ్యి, నాతో పోట్లాడు, కానీ అది మాత్రం గడప దాటకూడదు. మొదటి రకం ఏదో తేల్చేది కంటి చూపొక్కటే కాదు, పుస్తకం కూడా. తెల్లగా, ఎత్తుగా, గంగడోలు ఊగుతూ ఉన్న పెయ్యను చూసి మోసపోయినవాళ్ళు ఈ జిల్లాలో కొల్లలు.

సంక్రాంతి సెలవులకు ల్యాప్‌టాప్ తెచ్చుకో. పుస్తకాలు నేను చదువుతాను, నువ్వు ఎక్కించు. మీ తాత రాత నాకు తప్ప ఎవరికీ అర్థం కాదు. గౌరి మనవరాలి పెయ్యను బళ్ళారి వాళ్ళు అడుగుతున్నారు, ధర కూడా బాగానే చెప్పారు. నువ్వొచ్చి లెక్క చూసేదాకా మాట ఇవ్వనని చెప్పేశాను.

ఇట్లు,
పెదనాన్న