ఇంటి అప్పు తీరాలి, చేతిలో డబ్బూ ఉండాలి

ఉద్యోగంలో ఉండగానే ఇంటి అప్పు తీర్చేసి రిటైరైనవాణ్ని. ఈ మధ్య పెళ్లిళ్లలో కలిసే కుర్రాళ్లు ఒకటే అడుగుతున్నారు: ‘బోనస్ వచ్చింది బాబాయ్, లోనుకు కట్టేయనా?’ కట్టండి. కానీ వరస తప్పకండి.

1. ముందు కట్టిన డబ్బు వచ్చే నెల వాయిదాకు అక్కరకు రాదు. ఇది చాలామందికి తెలియదు. మామూలు గృహరుణంలో నిరుడు మూడు లక్షలు అదనంగా కట్టి ఉన్నా, ఈ నెల ఈఎంఐ కట్టకపోతే అది బకాయే. 90 రోజులు దాటితే మొండిబాకీల్లో చేరుతుంది. మా మేనల్లుడు ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్చరర్. చేతికొచ్చిన ప్రతి రూపాయీ అసలుకు కట్టేవాడు. 2020లో కాలేజీలు మూతపడి జీతం ఆగిపోయింది. మార్చి నుంచి ఆగస్టు దాకా మారటోరియం ఇచ్చారు, వడ్డీ మాత్రం ఆగలేదు. సెప్టెంబరులో వాయిదా మళ్లీ మొదలైంది, జీతం మొదలవలేదు. భార్య గాజులు తాకట్టుకు వెళ్లాయి. వాడు దుబారా మనిషి కాడు, అప్పంటే భయమున్న మనిషి. అందుకే వాడి కష్టం చూసి నాకు ప్రాణం ఉసూరుమంది. చేతిలో నాలుగు నెలల వాయిదాలున్నా ఆ గాజులు ఇంట్లోనే ఉండేవి.

2. ఆరు నెలల ఇంటి ఖర్చు, ఈఎంఐతో కలిపి, ముందు పక్కన పెట్టండి. ప్రైవేటు ఉద్యోగం, ఒక్కరి సంపాదనే అయితే తొమ్మిది నెలలైనా ఎక్కువ కాదు. ఆ డబ్బు భార్యాభర్తలిద్దరూ తీయగలిగే ఖాతాలోనో, ఎప్పుడంటే అప్పుడు రద్దు చేసుకోగల ఎఫ్‌డీలోనో ఉండాలి. చీటీలో వేస్తే పాట మన అవసరం చూసి రాదు. స్థలం మీద పెడితే అమ్ముడుపోయేసరికి ఆపద ముదిరిపోతుంది. ఆసుపత్రి ఖర్చుకు సొంత ఆరోగ్య బీమా వేరే ఉండాలి. కంపెనీ ఇచ్చిన బీమా సాధారణంగా ఉద్యోగంతోపాటే పోతుంది.

3. క్రెడిట్ కార్డు బాకీ, పర్సనల్ లోను ఉంటే అవి ముందు తీర్చండి. వాటి వడ్డీ ముందు గృహరుణం వడ్డీ చిన్నది.

4. ఇక అసలుకు కట్టడం. ఎంత తొందరగా కడితే అంత లాభం. 30 లక్షల అప్పు, 9 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు అనుకోండి. ఈఎంఐ సుమారు 26,992 రూపాయలు. మొదటి నెల అందులో 22,500 వడ్డీకే పోతుంది, అసలుకు చేరేది 4,500 లోపే. అదే అప్పుకు మొదటి ఏడాది చివర ఒక్క లక్ష అదనంగా కడితే చివర్లో దాదాపు 19 వాయిదాలు తగ్గుతాయి. అంటే లక్షకు నాలుగు లక్షల పైచిలుకు వడ్డీ మిగులు. కట్టేటప్పుడు ఈఎంఐ అలాగే ఉంచి గడువు తగ్గించమని రాసివ్వండి. వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ రేటు గృహరుణానికి ముందస్తు చెల్లింపు రుసుము వసూలు చేయకూడదు.

పన్ను మినహాయింపు కోసం అప్పు ఉంచుకోమనే సలహా వినకండి. కొత్త పన్ను విధానంలో, మనం ఉంటున్న ఇంటి వడ్డీకి ఆ మినహాయింపు లేనే లేదు.

5. ఏడాదికోసారి స్టేట్‌మెంటు తీసి గడువు చూడండి. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి దాకా రెపో రేటు 4 నుంచి 6.5 శాతానికి పెరిగినప్పుడు, చాలామందికి ఈఎంఐ మారకుండా గడువు పెరిగింది. అరవై దాటాక కూడా వాయిదాలున్నాయని కొందరికి ఆలస్యంగా తెలిసింది.

6. ఆఖరి వాయిదాతో పని అయిపోదు. అప్పు తీరిన 30 రోజుల్లో ఒరిజినల్ దస్తావేజులు, లింకు డాక్యుమెంట్లతో సహా, బ్యాంకు తిరిగివ్వాలి. రిజర్వ్ బ్యాంకు నిబంధన ఇది, 2023 డిసెంబరు 1 నుంచి అమల్లో ఉంది. బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల పరిహారం మీకు రావాలి. తనఖా రిజిస్టరై ఉంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రద్దు చేయించి, కొత్త ఈసీ తీసి చూసుకోండి. ఇవన్నీ ఎక్కడున్నాయో ఇంట్లోవాళ్లకు ఆ రోజే చెప్పండి.